సర్వరు విప్పినా లోపలి మెషీన్ ఎందుకు ఆగదు?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న నీరు 71.3 అడుగుల దాకా వెళ్లింది. అలాంటి వారంలో కంట్రోల్ రూమ్‌లోనో ఆస్పత్రిలోనో ‘సర్వరు అప్‌గ్రేడ్ చేస్తున్నాం, రెండు గంటలు కంప్యూటర్లు పనిచేయవు’ అంటే ఊరుకునేవాళ్లెవరు? అలాగని అసలు ముట్టుకోకుండా వదిలేయడానికీ లేదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడినప్పుడు ప్రపంచమంతా హోస్టులకు, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే అసలు సర్వర్లకు, ప్యాచులు వేసుకోవాల్సి వచ్చింది. ఆ హోస్టుల్లో నడిచే వీఎంవేర్ వీస్పియర్ 7 సాఫ్ట్‌వేర్‌కు సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 2తో అయిపోయింది. ఇంకెన్నాళ్లు నెట్టుకొస్తాం?

మరి నడుస్తున్న మెషీన్ కింద నుంచి సర్వరును లాగేయడం ఎలా సాధ్యం?

వర్చువల్ మెషీన్ అంటే చివరికి మూడే: డిస్కు, ర్యామ్‌లో ఉన్న సమాచారం, ప్రాసెసర్ ఆ క్షణాన ఉన్న స్థితి. డిస్కును హోస్టు సొంత డ్రైవులో పెట్టకుండా హోస్టులన్నీ చూడగలిగే ఉమ్మడి స్టోరేజీలో పెడితే దాన్ని కదపాల్సిన పనే లేదు. మిగిలిన రెండిటినీ పక్క హోస్టుకు చేర్చగలిగితే మెషీన్ ఇల్లు మారినట్లే. దీన్నే లైవ్ మైగ్రేషన్ అంటారు. వీఎంవేర్ 2003లో ‘వీమోషన్’ పేరుతో దీన్ని తెచ్చింది. 2005లో కేంబ్రిడ్జిలో క్రిస్టఫర్ క్లార్క్ బృందం జనం ఆడుతుండగానే ఒక వీడియోగేమ్ సర్వరును మరో హోస్టుకు మార్చి, అది ఆగింది 60 మిల్లీసెకన్లేనని చూపింది.

యాదాద్రిలో జరిగింది గుర్తుచేసుకుంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. 2016లో బాలాలయం కట్టి, అక్కడ నిత్యపూజలు, దర్శనాలు సాగిస్తూనే ప్రధానాలయాన్ని పునర్నిర్మించారు. 2022 మార్చి 28న మళ్లీ గర్భాలయ దర్శనం మొదలైంది. తేడా ఒక్కటే. అక్కడ భక్తులు బాలాలయానికి దారి మార్చుకున్నారు. ఇక్కడ మెషీన్ అడ్రసు మారదు కాబట్టి వాడేవాళ్లకు కదిలిన సంగతే తెలియదు.

తెలియకుండా ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. 64 జీబీ ర్యామ్ ఉన్న డేటాబేస్ మెషీన్ అనుకోండి. ర్యామ్‌ను 4 కేబీ పేజీలుగా లెక్కిస్తే కోటీ 67 లక్షలకు పైగా పేజీలు. మెషీన్ తన పని తాను చేసుకుంటూ ఉండగానే వీటన్నిటినీ కొత్త హోస్టుకు కాపీ చేస్తారు. ఈలోగా డేటాబేస్ కొన్ని పేజీలను మార్చేస్తుంది. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్ వాటిని గుర్తు పెట్టుకుని రెండో విడతలో అవి మాత్రమే పంపుతుంది. మూడో విడతలో ఇంకా తక్కువ. మిగిలింది రెప్పపాటులో పంపేంత చిన్నదయ్యాక మెషీన్‌ను ఒక్క క్షణం ఆపి, ఆఖరి పేజీలతోపాటు ప్రాసెసర్ స్థితినీ చేర్చి, అవతలి వైపు లేపుతారు. వెంటనే కొత్త హోస్టు మెషీన్ తరఫున నెట్‌వర్కులోకి ఒక చిన్న ప్యాకెట్ వదులుతుంది. ‘ఈ మ్యాక్ అడ్రసు ఇక ఈ పోర్టు వెనక ఉంది’ అని స్విచ్ నేర్చుకునేది దానివల్లే.

ఇదంతా నెట్‌వర్కు వేగం మీద ఆధారపడి ఉంది. 10 గిగాబిట్ లైనులో 64 జీబీ మొదటి విడత లెక్కప్రకారం 51 సెకన్లు. 1 గిగాబిట్‌లో ఎనిమిదిన్నర నిమిషాలు. భద్రాచలం నుంచి ఖమ్మానికి 100 మెగాబిట్ లింకు మీద పంపాలనుకుంటే గంటన్నర దగ్గర పడుతుంది. పంపే వేగం కంటే పేజీలు మారే వేగం ఎక్కువైతే ఆ విడతలు ఎప్పటికీ తెమలవు. అప్పుడు కొన్ని హైపర్‌వైజర్లు ప్రాసెసర్‌నే నెమ్మదింపజేసి పని ముగిస్తాయి. మెషీన్ ఆగదు గానీ వాడేవాళ్లు విసుక్కుంటారు. అందుకే డేటాబేస్‌ను జనం తక్కువగా ఉన్న వేళ కదపాలి.

ఇక అప్‌గ్రేడ్ చేసే వరస. మొదట హోస్టులన్నిటినీ నిర్వహించే మేనేజ్‌మెంట్ సర్వరు, ఆ తర్వాతే హోస్టులు, అదీ ఒక్కొక్కటిగా. హోస్టును మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి మెషీన్లన్నీ పక్కకు వెళ్లనివ్వాలి. ఖాళీ అయ్యాక అప్‌గ్రేడ్, రీబూట్, ఒకట్రెండు చిన్న మెషీన్లతో పరీక్ష. నిలబడితే తర్వాతి హోస్టు. వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్‌ను మాత్రం అన్ని హోస్టులూ అయిపోయేదాకా పెంచకండి. పెంచిన మెషీన్ పాత హోస్టుకు తిరిగి రాలేదు. ప్రాసెసర్లతోనూ ఇదే చిక్కు. ఇంటెల్ నుంచి ఏఎండీకి నడుస్తూ నడుస్తూ దాటడం కుదిరే పని కాదు. ఒకే కంపెనీలో తరాలు వేరైతే అందరికీ ఉమ్మడిగా ఉన్న పాత తరం సౌకర్యాలకే క్లస్టర్‌ను పరిమితం చేసి ఉంచాలి.

అప్‌గ్రేడ్ రాత్రి పని ఆగిపోయేది చాలాసార్లు చిల్లర కారణాలకే. ఎవరో ఎప్పుడో తగిలించి మరచిన ఐఎస్‌ఓ ఫైలు హోస్టు సొంత డిస్కులో ఉంటే మెషీన్ కదలదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం హోస్టు వెనక గుచ్చిన డాంగిల్ మెషీన్ వెంట పోలేదు. సర్వరుకు కరెంటు తీయగానే లైసెన్సూ పోతుంది. ఆఫీసు లాగిన్లు చూసే రెండు డొమైన్ కంట్రోలర్లు ఒకే హోస్టులోకి సర్దుకుంటే రెండు పెట్టుకున్న ప్రయోజనమే లేదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న జాగాది. మూడు హోస్టులు, ఒక్కోదాంట్లో 256 జీబీ ర్యామ్ ఉందనుకుందాం. మెషీన్లన్నిటికీ కలిపి 480 జీబీ లోపు ఇచ్చి ఉంటే ఒక హోస్టు ఖాళీ అవుతుంది. 600 ఇచ్చేసి ఉంటే మెయింటెనెన్స్ మోడ్ సగంలో నిలబడి చూస్తుంది. నా లెక్కలో ఈ పని అప్‌గ్రేడ్ రోజున తేలదు, సర్వర్లు కొన్న రోజునే తేలిపోతుంది. ‘మూడోది ఊరికే పడి ఉంటుంది కదా’ అని కొనుగోలు ఫైలులో కొట్టేసేది సరిగ్గా దీన్నే. మహామహులకూ ఆగక తప్పని సందర్భాలున్నాయి. 2014 సెప్టెంబరులో జెన్ హైపర్‌వైజర్‌లోని ఒక లోపం సరిదిద్దడానికి అమెజాన్ తన క్లౌడ్ మెషీన్లలో 10 శాతం లోపు వాటిని రీబూట్ చేసింది.

మూడింట్లో ఒకటి పక్కన పెట్టినంతసేపు మిగిలిన రెండూ బతికి ఉండాలి. ప్రాక్స్‌మాక్స్ లాంటి క్లస్టర్‌లో వాటిలో ఒకటి పడినా కోరం, అంటే క్లస్టర్ నడవడానికి కావాల్సిన మెజారిటీ, పోతుంది. పైగా లైవ్ మైగ్రేషన్ ముందుగా అనుకున్న పనికే. హఠాత్తుగా కరెంటు పోయి హోస్టు పడిపోతే ర్యామ్‌లో ఉన్నదీ దానితోనే పోతుంది. అలాంటప్పుడు హై అవైలబిలిటీ అనే ఏర్పాటు చేసేది మెషీన్‌ను వేరేచోట మళ్లీ బూట్ చేయడం. కాబట్టి యూపీఎస్ బ్యాటరీలు సరిచూసుకుని, గోదావరి పొంగే నెలలకు ముందే పని పెట్టుకోవడం మంచిది.

ఒకటే సర్వరు ఉన్న ఆఫీసు సంగతి? మెషీన్ వెళ్లడానికి చోటే లేదు కనుక ఆపక తప్పదు. బ్యాకప్ తీసి, దాన్ని ఒకసారి వేరే కంప్యూటరు మీద లేపి చూసుకుని, ఏ ఆదివారం రాత్రో ఆపబోతున్నామని ముందే నోటీసు అంటించండి.