మందును మోసే కొవ్వు బుడగలు

క్యాన్సర్ మందులతో వచ్చే పెద్ద చిక్కు, అవి రోగకణాన్నీ ఆరోగ్యకరమైన కణాన్నీ వేరుచేసి చూడలేకపోవడమే. ఎర్రని డాక్సోరుబిసిన్ మందునే తీసుకోండి. రొమ్ము క్యాన్సర్ మొదలు రక్త క్యాన్సర్ వరకు అనేక రకాలకు దశాబ్దాలుగా వాడుతున్నారు. అయితే మోతాదు పెరిగేకొద్దీ అది గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఒక మనిషికి జీవితకాలంలో మొత్తం ఎంత ఇవ్వవచ్చో వైద్యులు హద్దు పెట్టుకున్నారు.

1960వ దశకంలో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగ్‌హామ్ ఒక విశేషాన్ని గమనించాడు. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం నీటిలో కలిసినప్పుడు తనంతట తానే సూక్ష్మమైన బుడగలుగా మారుతుంది. ఇవే లైపోజోములు. వీటిలో మందు నింపి పంపితే గుండెకు హాని తగ్గుతుందని శాస్త్రవేత్తలు ఆశించారు.

కానీ అడ్డు వచ్చింది మన శరీర రక్షణ వ్యవస్థే. కాలేయంలో, ప్లీహంలో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు ఈ బుడగలను పరాయివిగా ఎంచి మింగివేశాయి. అప్పుడు బుడగలకు పాలిథిలిన్ గ్లైకాల్ అనే పదార్థంతో పైపూత వేశారు. దానితో అవి కాపలా కణాల కంట పడకుండా రోజుల తరబడి రక్తంలో తిరగగలిగాయి. వాటి పరిమాణం మిల్లీమీటరులో దాదాపు పదివేలవ వంతు. కణితిలోని రక్తనాళాల గోడలు వదులుగా ఉంటాయి గనుక ఆ సందుల గుండా లోనికి జారుకుంటాయి. ఈ విధంగా తయారైన డాక్సిల్ 1995లో అమెరికాలో అనుమతి పొందింది. గుండెకు ముప్పు తగ్గింది. అయితే అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండడం వంటి కొత్త బాధలు కొందరిలో కనిపించాయి.

మరికొందరు శాస్త్రవేత్తలు దీనికి పూర్తిగా భిన్నంగా ఆలోచించారు. కాపలా కణాలు బుడగలను ఎలాగూ మింగుతాయి. మరి వాటిని మేల్కొలిపే పదార్థాన్నే ఆ బుడగలలో పెడితే? ఆ ఆలోచన ఫలమే మిఫామర్టైడ్. ఇది బ్యాక్టీరియా గోడలోని ఒక భాగాన్ని పోలి ఉంటుంది. దానిని మింగిన మాక్రోఫేజ్ శత్రువు వచ్చిందని భావించి ఉత్తేజితమై, క్యాన్సర్ కణాలపై దాడికి దిగుతుంది. పిల్లలలో, యువకులలో వచ్చే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతుంది. శస్త్రచికిత్స తరువాత అక్కడ మిగిలిపోయిన కణాలను వెదకి చంపించడమే ఈ మందు లక్ష్యం. 2009లో ఐరోపా సమాఖ్య దీనికి అనుమతినిచ్చింది, అమెరికా ఇవ్వలేదు. దీని వల్ల కలిగే మేలు ఎంత అన్న విషయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. చలి, జ్వరం దీని సాధారణ దుష్ఫలితాలు.

ఇంట్లో ఎవరికైనా ఇటువంటి చికిత్స జరుగుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు డాక్సోరుబిసిన్, లైపోజోమ్ డాక్సోరుబిసిన్ ఒకటి కావు. రెండింటి మోతాదులు వేరు. ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. ఇస్తున్నది ఏదో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. ఇంతవరకు ఇచ్చిన మొత్తం మోతాదును, గుండె పరీక్షల కాగితాలను భద్రపరచండి. ఆసుపత్రి మారినప్పుడు రోగిని కాపాడేది ఆ కాగితాలే.