ద్రవ టోనరు: రేణువులు విడివిడిగా నిలుచుట ఎట్లు?

కలకనీటిలో పటిక త్రిప్పినచో సన్నని మట్టి రేణువులు గుమిగూడి అడుగునకు దిగును, నీరు తేరును. త్రాగునీటికి మేలైన ఈ గుమిగూడుటయే ముద్రణకు వాడు ద్రవ టోనరుకు చేటు.

చెస్టర్ కార్ల్‌సన్ 1938లో అమెరికాలో స్థిర విద్యుదావేశముతో బొమ్మను ఏర్పరచి, దానిపై పొడిని అంటించి ముద్రించెను. జిరాక్సు యంత్రములలో వాడు ఇట్టి రంగుపొడికే టోనరు అని పేరు. రేణువు చిన్నదైనకొలది గీత సన్నముగా పడును. కాని మరీ చిన్న రేణువులు గాలిలో ఎగిరిపోవును. వాటిని ద్రవములో ఉంచినచో ఆ చిక్కు లేదు. 1950 దశకములో ఆస్ట్రేలియాలో మెట్‌కాఫ్, రైట్ అనువారు ఈ మార్గమును చూపిరి. 1993లో వెలువడిన ఇండిగో ముద్రణయంత్రము ద్రవ టోనరుతోనే పనిచేసినది.

ఈ ద్రవము విద్యుత్తును ప్రసరింపనీయరాదు; లేనిచో బొమ్మయందలి ఆవేశము హరించిపోవును. కావున శుద్ధిచేసిన పెట్రోలియం నూనెను వాడుదురు. అందు రంగు, రెసిను కలసిన రేణువుల వ్యాసము సుమారు 1 లేక 2 మైక్రానులు. వ్యాసము సగమైనచో రేణువు దిగు వేగము నాలుగవ వంతగును. ఐనను, దగ్గరకు వచ్చిన రేణువులు వాన్ డర్ వాల్స్ ఆకర్షణచే అతుకుకొని పెద్దవగును. దీనిని ఆపుటకు వాటి ఉపరితలమున పాలిమరు గొలుసులను నిలుపుదురు. అవి నూనెలో విచ్చుకొని, నూగువలె అడ్డుపడి రేణువులను ఎడముగా ఉంచును.

రేణువులకు ఆవేశము కలుగుటకై లోహపు సబ్బులనుగాని లెసిథిన్‌నుగాని కొద్దిగా కలుపుదురు. ఇవి తక్కువైనచో రేణువులు బొమ్మవైపు సరిగా కదలవు. ఎక్కువైనచో ద్రవములోని అయానులే ముందుగా చేరి బొమ్మయొక్క ఆవేశమును తటస్థపరచును.

రేణువులు సీసాలో ఒకదానినొకటి అంటరాదు. కాగితమును మాత్రము గట్టిగా అంటవలెను. ఈ రెండు పనులను ఒకే రేణువుచే చేయించుటయే టోనరు తయారీలోని నేర్పు.