కోనసముద్రం ఉక్కు

ప్రాచీనులు ఆయుధాన్ని పోరాటానికి సాధనంగానే గాక కళాఖండంగా కూడా తీర్చిదిద్దారు. వింటినారి ఒరిపిడి నుండి బొటనవేలిని కాపాడే ఉంగరాన్ని చైనా విలుకాండ్రు జేడ్ అనే విలువైన రాతితో చెక్కించుకొనేవారు. మన దేశంలో కత్తిపిడులకు బంగారు తీగ పొదిగేవారు. ఇవి ఆయుధానికి పైనుండి చేర్చిన అలంకారాలు. లోహంలో నుండే పుట్టే అలంకారం మరొకటి ఉంది. దాని పుట్టినిళ్ళలో కోనసముద్రం ఒకటి.

ఆర్మూరు నుండి మోర్తాడ్ మీదుగా మెట్‌పల్లికి పోయే దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. కోనసముద్రం ఆ మండలంలోని గ్రామం. నేడు పసుపు పంటకు పేరొందిన ఈ సీమ ఒకప్పుడు ఉక్కుకు ప్రసిద్ధి పొందింది. ఆంగ్ల భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వెస్లీ వోయ్సీ ఇక్కడి కొలుములను స్వయంగా చూసి వర్ణించాడు. అతడు 1824లో మరణించగా, ఆ రచన 1832లో వెలువడింది. ఇస్ఫహాన్ నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు ఇక్కడ దగ్గరుండి ఉక్కు చేయించుకోవడం అతడు చూశాడు. ఈ ఉక్కును తమ దేశంలో తయారుచేయబోయి పారశీకులు విఫలులయ్యారట.

రెండు చోట్ల లభించిన ఇనుమును తగుపాళ్ళలో కలిపి, మట్టిమూసలో ఉంచి, మూతి బిగించి, తిత్తులతో ఒక పగలు, ఒక రాత్రి కాచేవారు. మూసమట్టిలో కలిపిన వరిపొట్టు తీవ్రమైన వేడికి మూస కూలిపోకుండా కాపాడేది. కరిగిన లోహం మెల్లగా చల్లారి ముద్దగా గట్టిపడేది. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉండేది. ఆ ముద్దను మితమైన వేడిలో పలుమార్లు సాగగొట్టినప్పుడు కర్బనంతో కూడిన గట్టి కణాలు వరుసలు తీరేవి. తయారైన కత్తికి ఆమ్లగుణం గల ద్రవం పూస్తే, నల్లని నేలపై తెల్లని నీటి అలల వంటి రేఖలు తేలేవి. పారశీకులు ఆ రేఖలను జౌహర్ అన్నారు. కొనుగోలుదారు వాటిని చూసే ఉక్కు మేలిమిని నిర్ణయించేవాడు.

వేడి మితిమీరితే సమ్మెటపోటుకు ఆ ముద్ద పొడిపొడిగా రాలిపోయేది. ఎంత వేడి తగునో కమ్మరి ఇనుము రంగును చూసి గుర్తించేవాడు. ఆ నేర్పు గ్రంథాలకెక్కలేదు. తండ్రి చేతి నుండి కొడుకు చేతికి అందింది. విదేశాల నుండి చౌక ఉక్కు వచ్చిపడి కొలుములు చల్లారినప్పుడు, ఆ నేర్పు కూడా అంతరించింది. 2010లో భారతీయ, బ్రిటిష్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను నమోదు చేశారు. పొలాల చదునులో ఆ దిబ్బలు చెదిరిపోతే, ఆ కమ్మరుల విద్యకు మిగిలిన సాక్ష్యం కూడా నశిస్తుంది.