అనహైములో అక్క, పారిసులో చెల్లెలు

డిస్నీలాండు అనగానే లోకానికి స్ఫురించేది ఒక్కటే: కాలిఫోర్నియాలోని అనహైము నగరంలో 1955లో వెలసిన వినోదోద్యానం. దానిని కన్నులారా చూడనివారు సైతం దాని కోటను, దాని ఎలుకదొరను ఎరుగుదురు. ఆ ఉద్యానానికి తోబుట్టువులు పలుచోట్ల ఉన్నవి. ఫ్లోరిడాలో 1971లోను, టోకియో చెంత 1983లోను, పారిసు చెంత 1992లోను, హాంకాంగులో 2005లోను, షాంఘైలో 2016లోను ఒక్కొక్కటి జన్మించినది. వీనిలో పారిసు ఉద్యానం మనవారికి అంతగా పరిచితమైనది కాదు. పారిసుకు పోయినవారి చూపు ఈఫిల్ గోపురం మీద, లూవ్ర్ చిత్రశాల మీద నిలుస్తుంది గాని, నగరానికి తూర్పుగా 32 కిలోమీటర్ల దూరాన ఉన్న మార్న్-లా-వాలే వైపు అరుదుగా మళ్లుతుంది.

అక్కను చూచిన యాత్రికుడు చెల్లెలి వాకిట నిలిచినప్పుడు మొదట కలిగే భావం, ఇది నకలు అని. ముందు అదే రైలు స్టేషను, దాని వెనుక అదే వీధి, వీధి చివర అదే రాజకుమారి పేరిట ఒక కోట. కాని ఒక పూట తిరిగిన పిమ్మట ఆ భావం సడలుతుంది. సాయంకాలానికి నకలు అనే మాట నోట రాదు. ఏమి మారినది, ఎందుకు మారినది అని విచారించినచో, సాహిత్య విద్యార్థి నిత్యమూ ఎదుర్కొనే ప్రశ్నయే ఇక్కడ ఎదురవుతుంది. ఒక కృతి పరదేశానికి పోయినప్పుడు ఏది నిలుపుకోవలెను, ఏది విడువవలెను?

ఒక మనిషి జ్ఞాపకం

అక్క చరిత్ర ఒక మనిషి చరిత్ర. వాల్ట్ డిస్నీ 1901లో షికాగోలో జన్మించినాడు. బాల్యంలో కొన్ని సంవత్సరాలు మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరిలో గడిపినాడు. చిత్రనిర్మాతగా పేరు వచ్చిన తరువాత, తన కుమార్తెలను రంగులరాట్నం ఎక్కించి, తాను బల్లమీద కూర్చుండి చూచే ఆదివారాలలో ఆయనకు ఒక ఆలోచన తట్టినదట. తల్లిదండ్రులు పిల్లలను ఆడించి తాము ఊరక కూర్చునే చోటు కాదు, ఇరువురూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండరాదా? 1951లో కోపెన్‌హేగన్ లోని తివోలి ఉద్యానాన్ని చూచిన పిమ్మట ఆ ఆలోచన బలపడినది. అనహైములో నారింజతోటలున్న సుమారు 160 ఎకరాల నేల కొని, 1954 జూలైలో పని ప్రారంభించి, ఒక్క సంవత్సరంలో ముగించినాడు. వ్యయం సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు.

1955 జూలై 17వ తేదీన తలుపులు తెరచినారు. ఆనాడు దొంగ టిక్కెట్లతో లోపలికి వచ్చినవారికి లెక్క లేదు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి స్త్రీల జోళ్ల మడమలు దానిలో దిగబడినవి. గొట్టాల పనివారి సమ్మె వలన మంచినీటి కుళాయిలకు కరవు వచ్చినది. ఇన్ని అవకతవకలతో ఆరంభమైన ఉద్యానం కొద్దికాలంలోనే దేశాధినేతలు చూడగోరే స్థలమైనది. 1959లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ అక్కడికి పోవలెనని కోరగా, రక్షణ కారణాల వలన వీలు కాలేదు. 1961లో అమెరికా పర్యటనకు వెళ్లిన భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు మాత్రం డిస్నీయే వెంట ఉండి తన లోకాన్ని చూపించినాడు.

ఆ లోకంలో అడుగడుగునా నిర్మాత బాల్యం కానవస్తుంది. ముఖద్వారం దాటగానే ఎదురయ్యే వీధి మార్సెలీన్ జ్ఞాపకాలతో కట్టినది. చుట్టూ మట్టికట్ట వేసి, దానిమీద ఆవిరిరైలును తిప్పి, బయటి నగరం కంటబడకుండా చేసినారు. కోట ఎత్తు 77 అడుగులే. కాని గోడరాళ్లను క్రింద పెద్దవిగాను, పైకి పోయినకొలది చిన్నవిగాను అమర్చినందున, కంటికి అది ఎత్తైన దుర్గంగా తోస్తుంది. వీధి మొదట ఉన్న అగ్నిమాపక కేంద్రం మేడమీద డిస్నీ విడిది చేసే చిన్న గది ఉన్నది. ఆయన 1966లో మరణించినాడు. ఆ గది కిటికీలోని దీపాన్ని ఆయన స్మృతికై నేటికీ వెలిగించి ఉంచుతున్నారు. అక్క సొగసంతా ఈ చనువులోనే ఉన్నది. అక్కడ ప్రతిదీ చేరువ, ప్రతిదీ మనిషి కొలతకు తగినది.

కథలు పుట్టిన నేలకు కథలను మోయుట

చెల్లెలి జననం అటువంటిది కాదు. ఫ్రెంచి ప్రభుత్వానికీ డిస్నీ సంస్థకూ 1987 మార్చిలో ఒడంబడిక కుదిరినది. పంటపొలాలుగా ఉన్న నేలలో పారిసు నగర వైశాల్యంలో అయిదవ వంతుకు సమానమైన భూమి కేటాయింపబడినది. 1992 ఏప్రిల్ 12న ఉద్యానం తెరవబడినది. దానికి ముందే పారిసు మేధావులలో అలజడి పుట్టినది. నాటక దర్శకురాలు ఆరియాన్ నుష్కిన్ దీనిని సాంస్కృతిక చెర్నోబిల్ అని నిందించినది. అణుకేంద్రం ప్రేలి అప్పటికి ఆరేండ్లు మాత్రమే అయినందున ఆ మాట బలంగా తాకినది.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. నిదురించే రాజకుమారి, సిండ్రెల్లా వంటి కథలను 1697లో గ్రంథరూపంగా ప్రకటించిన చార్లెస్ పెరో ఫ్రాన్సు దేశీయుడే. అమెరికావారు వానిని చలనచిత్రాలుగా మలచి, తిరిగి ఆ దేశానికే తెచ్చి అమ్మజూపుట పుట్టింటికి సారె పంపి వెల అడిగినట్లు తోచినది. పైగా ఒక చిక్కు ఉన్నది. అనహైము కోటకు మాతృక బవేరియాలో రెండవ లుడ్విగ్ రాజు కట్టించిన నాయిష్వాన్‌స్టైన్ దుర్గం. నారింజతోటల నడుమ దానికి పోలిక ఒకటి వెలసినచో అది అద్భుతమే. కాని నిజమైన రాతికోటలను చిన్ననాటి నుంచి చూచినవారికి ప్లాస్టరు కోటను చూపి మెప్పించుట ఎట్లు?

ఉద్యాన నిర్మాణానికి నాయకుడైన టోనీ బాక్స్టరు, ఆయన సహచరులు ఈ చిక్కును తప్పించుకొనలేదు. దానినే ఆధారం చేసికొన్నారు. నిజమైన కోటతో పోటీ పడరాదని నిశ్చయించి, ఏ రాజూ కట్టించని కోటను కట్టినారు. సుమారు 51 మీటర్ల ఎత్తున గులాబివన్నె గోడలు, నీలి శిఖరాలు లేచినవి. సముద్రపుటొడ్డున కొండమీద నిలిచిన మోన్ సాఁ మిషెల్ మఠం పోకడ, మధ్యయుగాల ఫ్రెంచి వ్రాతప్రతులలోని బొమ్మల పోకడ అందులో కలిసినవి. చుట్టూ చెట్లను నలుచదరంగా కత్తిరించినారు. అది 1959 నాటి డిస్నీ చిత్రంలోని అడవి తీరు. మెట్లెక్కి పోయినచో అద్దకపుటద్దాల కిటికీలు, చిత్రాలు నేసిన తెరలు రాజకుమారి కథను చెబుతవి. క్రిందికి దిగినచో చీకటిగుహలో సంకెలతో బంధింపబడిన ఒక పెద్ద నాగరాక్షసి, ఫ్రెంచివారు డ్రాగన్ అనే ప్రాణి, ఒత్తిగిలి నిదురపోతూ ఉంటుంది. ఉండి ఉండి కన్ను తెరచి, ముక్కుపుటాల నుంచి పొగ వదలి గర్జిస్తుంది. అక్క ఇంట ఇటువంటి గుహ లేదు.

వానకు గొడుగు, చంద్రునికి ఫిరంగి

కాలిఫోర్నియాలో వాన అరుదు. పారిసు ఆకాశం ఏడాదిలో చాలా దినాలు మబ్బుతోనే ఉంటుంది. అందుచేత చెల్లెలి ముఖవీధికి ఇరువైపుల, అంగళ్ల వెనుకగా, పైకప్పు గల రెండు నడవలు నిర్మించినారు. వాన కురిసినా తడవకుండా కోట ముంగిటికి చేరవచ్చును. ఆ నడవలలో ఒకటి స్వాతంత్ర్యదేవత విగ్రహానికి అంకితం. న్యూయార్కు రేవులో 1886లో ఆవిష్కృతమైన ఆ విగ్రహం ఫ్రాన్సు ప్రజలు అమెరికాకు ఇచ్చిన కానుక. అమెరికా వీధిలో నడుస్తూ ఫ్రెంచివాడు తన తాతల కానుక కథను చదువుకొనుట ఎంత ఔచిత్యమైన ఏర్పాటు!

సరిహద్దుసీమలో ఈ మార్పు మరింత గాఢమైనది. అనహైములో 1969లో తెరచిన దయ్యాలమేడ న్యూ ఆర్లియన్సు పేటలో, తెల్లని స్తంభాలతో, శుభ్రంగా నిలిచి ఉంటుంది. పారిసులో దాని చెల్లెలు గుట్టమీద పాడుబడిన భవనం. బంగారు గనుల యజమాని కుమార్తె పెండ్లిబట్టలతో రాని వరునికై ఎదురుచూచే విషాదగాథ అందులో నడుస్తుంది. నవ్వు తగ్గి కరుణ పెరిగినది. ఆ కథయే ఎదుటి గనికొండతో సంబంధం కలుపుకొన్నది. అనహైములో నదీద్వీపం టామ్ సాయరు పేర పిల్లల ఆటస్థలం కాగా, పారిసులో ద్వీపమంతా గనికొండయే. ఒడ్డున బయలుదేరిన గనిరైలు నది అడుగునుంచి సొరంగమార్గాన ద్వీపానికి చేరుతుంది.

అన్నిటికంటె ఆలోచింపదగినది భవిష్యత్తును గూర్చిన భాగం. అనహైములోని రేపటిలోకం 1955లో తెరచినప్పుడు 1986వ సంవత్సరాన్ని ఊహించి చూపినది. కాని భవిష్యత్తు నిలిచి ఉండేది కాదు. 1969లో మనిషి చంద్రునిపై కాలు మోపగానే చంద్రయానపు వినోదం పాతబడినది. 1975లో దానిని అంగారకయానంగా మార్చవలసి వచ్చినది. పారిసు నిర్మాతలు ఈ అనుభవం నుంచి పాఠం నేర్చినారు. రేపు ఎట్లుండునో చెప్పుట మాని, నిన్నటివారు రేపటిని ఎట్లు కలగన్నారో చూపినారు. ఆ సీమకు ఆవిష్కారసీమ అని పేరు పెట్టి, జూల్స్ వెర్న్‌ను అధిదేవతను చేసినారు. ఇత్తడి, రాగి వన్నెల యంత్రాలు, వెర్న్ ఊహించిన నాటిలస్ జలాంతర్నౌక అందులో వెలసినవి. 1995లో తెరచిన అంతరిక్ష పర్వతంలో ఫిరంగి గొట్టం నుంచి బండిని చంద్రునివైపు పేల్చే ఏర్పాటు ఉండినది. 1865లో వెర్న్ వ్రాసిన నవలలో ఆ ఫిరంగి ఉన్న స్థలం ఫ్లోరిడా. ఫ్రెంచివాడు అమెరికా నేలపై కన్న కలను అమెరికావారు ఫ్రాన్సుకు మోసికొనివచ్చినారు. పాత బాకీని ఇంత అందంగా తీర్చిన సందర్భాలు అరుదు.

అక్కకు కూడ ఇది నచ్చినది. 1998లో అనహైము తన రేపటిలోకానికి పారిసు పోలిక కాంస్యవర్ణం పూసికొన్నది. అచ్చట అది అతకలేదు. కొద్ది సంవత్సరాలకే అక్కడి అంతరిక్ష పర్వతం తిరిగి తన తెలుపు రంగులోకి వచ్చినది. చెల్లెలికి ఒప్పిన చీర అక్కకు ఒప్పవలెనని లేదు.

కష్టాలు, దిద్దుబాట్లు

అయితే కట్టడంలో చూపిన వివేకం నిర్వహణలో మొదట కానరాలేదు. భోజనంతో ద్రాక్షసారాయం పుచ్చుకొనుట ఫ్రాన్సులో ఇంటింటి ఆచారం; ఉద్యానంలో దానిని నిషేధించినారు. ఉద్యోగుల గడ్డాలకు, మీసాలకు అమెరికా నిబంధనలు పెట్టగా కార్మికసంఘాలు నిరసించినవి. అతిథులందరూ మధ్యాహ్నం ఒకే వేళకు భోజనానికి కూర్చుందురని తలపనందున భోజనశాలల ముందు బారులు తీరినవి. హోటళ్లు నిండలేదు. అప్పులు పేరుకొన్నవి. 1993లో సారాయ నిషేధాన్ని సడలించినారు. 1994లో బ్యాంకులతో రాజీ కుదిరినది. ఆ సంవత్సరమే పేరులోని యూరో అనే మాట తొలగి డిస్నీలాండ్ పారిసు అనే పేరు నిలిచినది. 1995లో మొదటిసారి లాభం కనబడినది. రాతిగోడలలో ఫ్రాన్సును గౌరవించినవారు భోజనపు బల్లవద్ద ఆ గౌరవం మరచినారు. దాని మూల్యం మూడేండ్లు చెల్లించినారు.

ఎవరు మిన్న?

వినోదాల సంఖ్యలో అక్కదే పైచేయి. చరిత్ర, చనువు, నిర్మాత చేతిస్పర్శ అక్క సొత్తు. సౌందర్యంలో, విశాలతలో, ఒకదానితో ఒకటి అల్లుకొన్న కథలలో చెల్లెలు మిన్న. అక్కను చూడనివాడు చెల్లెలిని చూచి ఆనందించగలడు. అక్కను చూచినవాడు మాత్రం చెల్లెలిని అర్థం కూడ చేసికోగలడు.

నన్నయ వ్యాసభారతాన్ని తెలుగు చేసినప్పుడు మాటకు మాట పెట్టలేదు. కథను నిలిపి, తెలుగువాని చెవికి తగిన నడకను దానికి ఇచ్చినాడు. పారిసు ఉద్యానం ఆడుకొనే చోటే గాని మహాకావ్యం కాదు. అయినను అనువాదధర్మం ఒక్కటే. మూలంతో తులతూగుటకు మార్గం దానిని అచ్చొత్తుట కాదు, వచ్చిన నేలను చదువుట.

ఇందులకే ఇటీవలి మార్పులు కొంత విచారం కలిగిస్తున్నవి. వెర్న్ పాత్రగా కనిపించిన చలనచిత్ర ప్రదర్శన 2004లో ముగిసినది. ఆ చోట బొమ్మల చిత్రాల వ్యోమగాముని ఆట వచ్చినది. చంద్రునికి పోయే ఫిరంగి కథను 2005లో తీసివేసినారు. 2017లో ఆ పర్వతమే నక్షత్రయుద్ధాల చిత్రాల వేషం ధరించినది. ఆ వేషాలు ఏ దేశపు డిస్నీ ఉద్యానంలోనైనను కానవచ్చేవే. లోకమంతటా ఒకే సరుకు అమ్ముట వ్యాపారానికి సులువు కావచ్చును. కాని అక్కచెల్లెళ్ల ముఖాలు పూర్తిగా ఒకటైననాడు చెల్లెలిని చూచుటకు సముద్రాలు దాటి పోవలసిన పని ఎవరికుంటుంది? దయ్యాలమేడను 2019లో మరమ్మతు చేసి తెరచినప్పుడు మాత్రం ఆ పెండ్లికుమార్తె కథను విడువలేదు. కోట క్రింద నాగరాక్షసి ఇంకను గర్జిస్తూనే ఉన్నది. అక్కను ఎరిగినవాడు చెల్లెలిని చూడబోయినచో, మొదట ఆ గుహలోనికి దిగుట మేలు.