యంత్రాన్ని కొనొచ్చు, పరిశోధకులను తయారుచేసుకోవాల్సిందే

2023 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం జాతీయ క్వాంటమ్ వ్యూహాన్ని ప్రకటించింది. అందులో పెద్ద అంకె 250 కోట్ల పౌండ్లు. పదేళ్లలో ఈ రంగానికి వెచ్చిస్తామన్న మొత్తం అది. అదే పత్రంలో చిన్నగా కనిపించే అంకె మరొకటి ఉంది: 1,000. 2033 నాటికి క్వాంటమ్ సంబంధిత విభాగాల్లో అదనంగా అంతమంది పరిశోధక విద్యార్థులకు నిధులివ్వాలన్నది లక్ష్యం. ఈ రెండింటిలో దేశ భవిష్యత్తును తేల్చేది రెండోదే. డబ్బుంటే యంత్రం వస్తుంది. దాన్ని ల్యాబ్ గడప దాటించి ఫ్యాక్టరీకో, బ్యాంకుకో, రోడ్డు పనులకో పనికొచ్చేలా మలచగల మనిషి తయారవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

3 ఉద్యోగాలకు 1 అభ్యర్థి

క్వాంటమ్ టెక్నాలజీ అంటే కంప్యూటర్లు ఒక్కటే కాదు. గూఢచర్యానికి చిక్కని సమాచార ప్రసారం, అతి సున్నితమైన సెన్సర్లు, గడియారాలు కూడా ఇందులోకే వస్తాయి. ఈ రంగంలో ప్రతి మూడు ఖాళీలకు అర్హత ఉన్న అభ్యర్థి ఒక్కరే దొరుకుతున్నారని మెకిన్సీ సంస్థ 2022లో లెక్కగట్టింది. భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీలు ఇచ్చే విశ్వవిద్యాలయాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. అయినా ఈ కొరత ఎందుకొచ్చింది? ల్యాబ్‌లో ఒక ప్రయోగాన్ని ఒకసారి విజయవంతంగా చేసి చూపడం వేరు, అదే ఫలితం ఎవరు మీట నొక్కినా రోజూ వచ్చేలా చేయడం వేరు. మామూలు పీహెచ్‌డీ మొదటిది నేర్పుతుంది. కంపెనీలకు రెండోది కావాలి.

2 మీటర్ల సొరంగం చెప్పే పాఠం

ఈ తేడా తెలియాలంటే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం చేసిన పని చూడాలి. రోడ్డు కింద ఉన్న 2 మీటర్ల సొరంగాన్ని తవ్వకుండానే క్వాంటమ్ సెన్సర్‌తో పసిగట్టామని అక్కడి బృందం 2022 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. నేల కింద ఖాళీ ఉన్నచోట గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది. లేజర్లతో అతి శీతలంగా మార్చిన రుబీడియం పరమాణువులను కిందికి జారనిచ్చి, అవి పడే తీరును బట్టి ఆ తగ్గుదలను కొలుస్తారు.

ల్యాబ్‌లో ఇది ఎప్పటినుంచో సాధ్యమే. రోడ్డు మీదికి తెచ్చేసరికి నేల అదురు అడ్డుతగులుతుంది. వాహనాలు వెళ్తుంటే పుట్టే కంపనం ముందు సొరంగం ఇచ్చే సంకేతం ఆనవాలు కూడా లేకుండా పోతుంది. ఆ బృందం ఒకదానిపై ఒకటిగా రెండు పరమాణు సమూహాలను ఉంచి, రెండింటినీ ఒకే లేజర్‌తో కొలిచింది. అదురు రెండింటికీ సమానం కాబట్టి, ఒక కొలత నుంచి మరొకటి తీసేస్తే అది పోతుంది. మిగిలేది గురుత్వంలోని తేడా మాత్రమే. అలా అర మీటరు స్పష్టతతో భూగర్భాన్ని చూడగలిగారు. భౌతిక శాస్త్రవేత్తలతో పాటు సివిల్ ఇంజినీర్లు కూడా కలిసి పనిచేశారు కనుకే ఇది కుదిరింది. తర్వాత ఈ పని నుంచే డెల్టా జీ అనే కంపెనీ పుట్టింది. పరిశోధక విద్యార్థికి నేర్పాల్సింది సరిగ్గా ఇదే: సిద్ధాంతం తెలిసి ఉండటం, అదురును ఓడించడం, పక్క విభాగం వాళ్ల భాష అర్థం చేసుకోవడం.

4 ఏళ్లు, ఒకే బ్యాచ్

ఈ మెళకువలను యాదృచ్ఛికానికి వదలకుండా పద్ధతిగా నేర్పడానికి బ్రిటన్ ఎంచుకున్న మార్గం డాక్టోరల్ శిక్షణ కేంద్రాలు. 2014లో జాతీయ క్వాంటమ్ కార్యక్రమం మొదలైనప్పుడే బ్రిస్టల్, యూనివర్సిటీ కాలేజ్ లండన్, ఇంపీరియల్ కాలేజీల్లో ఇలాంటివి నడిచాయి. పాత పద్ధతిలో విద్యార్థి చేరిన రోజు నుంచి ఒక గైడ్, ఒక ల్యాబ్, ఒక సమస్య. ఇక్కడ అలా కాదు. ఏటా ఒక బ్యాచ్ కలిసి చేరుతుంది. బ్రిస్టల్ నమూనాలో మొదటి ఏడాది అందరూ కలిసి పాఠాలు వింటారు, వేర్వేరు ల్యాబ్‌లలో చిన్న ప్రాజెక్టులు చేస్తారు. ఆ తర్వాతే గైడ్‌నూ అంశాన్నీ ఎంచుకుని మూడేళ్లు పరిశోధన చేస్తారు. లేజర్లు తెలిసినవారు, కోడింగ్ తెలిసినవారు, గణితం తెలిసినవారు ఒకే బ్యాచ్‌లో ఉంటారు కాబట్టి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. స్కాట్లాండ్‌లో స్ట్రాత్‌క్లైడ్, గ్లాస్గో, హెరియట్ వాట్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కేంద్రంలో పరిశోధనాంశాలనే కంపెనీలతో కలిసి రూపొందిస్తారు.

100 పౌండ్లలో 39

2024 మార్చిలో బ్రిటన్ అన్ని శాస్త్ర, ఇంజినీరింగ్ రంగాలకూ కలిపి 65 శిక్షణ కేంద్రాలను ప్రకటించింది. క్వాంటమ్ కేంద్రాలు అందులో భాగం. తొమ్మిదేళ్లలో 4,000 మందికి పైగా విద్యార్థులు తయారవుతారని అంచనా. నిధులు ప్రధానంగా ఇలా సమకూరాయి: ప్రభుత్వ పరిశోధనా మండలి 47.9 కోట్ల పౌండ్లు, రక్షణ శాఖ 1.6 కోట్లు, విశ్వవిద్యాలయాలు 16.9 కోట్లు, వ్యాపార భాగస్వాములు నగదుగా, సేవలుగా, పరికరాలుగా 42 కోట్లు.

కూడితే సుమారు 108 కోట్ల పౌండ్లు. తలకు 2.7 లక్షల పౌండ్లు. ప్రతి 100 పౌండ్లలో దాదాపు 39 వ్యాపార సంస్థలవే. అసలు విశేషం ఇక్కడుంది. తన డబ్బు, తన ఇంజినీర్ సమయం పెట్టిన కంపెనీ ఆ విద్యార్థి ఏం చేస్తున్నాడో, ఏం చేస్తోందో పట్టించుకుంటుంది. పనికిరాని సమస్య ఇవ్వదు. చదువయ్యాక ఉద్యోగానికి పిలిచే అవకాశం కూడా ఎక్కువ.

94 కోట్ల డాలర్ల హెచ్చరిక

శిక్షణ ఒక్కటే చాలదని బ్రిటన్ అనుభవమే చెబుతోంది. కాంతి కణాలతో క్వాంటమ్ కంప్యూటర్ కట్టాలన్న సైక్వాంటమ్ కంపెనీ వ్యవస్థాపకులు బ్రిస్టల్, ఇంపీరియల్‌లలో పనిచేసినవారు. కంపెనీని పెట్టింది మాత్రం కాలిఫోర్నియాలో. 2024లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం కలిసి బ్రిస్బేన్‌లో యంత్రం కట్టమని 94 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ప్రకటించాయి. పెంచిన చోట పెట్టుబడి దొరక్కపోతే ప్రతిభ అది దొరికే చోటికి వెళ్తుంది.

మరో జాగ్రత్త కూడా అవసరం. ఈ రంగంలో అన్ని ఉద్యోగాలకూ పీహెచ్‌డీ అక్కర్లేదు. అమెరికాలో 21 క్వాంటమ్ కంపెనీలతో మాట్లాడి 2020లో అధ్యయనం ప్రచురించిన పరిశోధకులకు ఇదే తేలింది. ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్, వాక్యూమ్ వ్యవస్థలు, అతి శీతల యంత్రాలు బాగా తెలిసిన ఇంజినీర్లూ టెక్నీషియన్లూ కూడా కావాలి. వాళ్లు లేకపోతే పీహెచ్‌డీ చేసినవారి సమయమంతా మరమ్మతులకే సరిపోతుంది.

2031 గడువు

ఇప్పుడు మన లెక్క. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ.6,003.65 కోట్లతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. కాలపరిమితి 2030-31 దాకా. 50 నుంచి 1,000 క్యూబిట్ల (క్వాంటమ్ సమాచారపు మూల ప్రమాణాల) కంప్యూటర్ లక్ష్యం. కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌కు ఐఐటీ బాంబే, పదార్థాలకు ఐఐటీ ఢిల్లీ... ఈ నాలుగు హబ్‌లను 2024 సెప్టెంబరులో ప్రకటించారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ కంప్యూటర్ పెడతామని 2025లో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాయి.

ఇవన్నీ గర్వించదగ్గ అడుగులే. కానీ 2026 ఆగస్టులో పీహెచ్‌డీలో చేరిన విద్యార్థికి అయిదేళ్లు పడితే పట్టా చేతికొచ్చేది 2031 ఆగస్టులో. అప్పటికి మిషన్ గడువే ముగిసిపోతుంది. నారు పోయకుండా మడి దున్ని నీళ్లు పెట్టుకుంటే నాట్ల వేళకు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. యంత్రం కోసం ఎదురుచూడకుండా సీట్లు ఇప్పుడే భర్తీ కావాలి. దేశంలో పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 నుంచి నెలకు రూ.37,000. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పిలుస్తున్న తెలివైన ఇంజినీరును అయిదేళ్లు ఆపాలంటే దానికి కంపెనీల వాటా తోడవ్వాలి.

అందుకే ఇకపై ఏ క్వాంటమ్ ప్రకటన వచ్చినా క్యూబిట్ల సంఖ్యతో పాటు మూడు అంకెలు అడుగుదాం. ఈ ఏడాది ఎంతమంది పరిశోధక విద్యార్థులు చేరారు? ఒక్కొక్కరూ కంపెనీలో ఎన్ని నెలలు పనిచేస్తారు? వాళ్ల పక్కన నిలబడే టెక్నీషియన్లు ఎందరు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన రాష్ట్రానికే ఆ యంత్రం నిజంగా అక్కరకొస్తుంది.