‘నీరసంగా ఉంది’ అన్న మెసేజ్ వెనక

రాత్రి పదిన్నర దాటాక మా వాట్సాప్ గ్రూపు మేలుకుంటుంది. ఇందులో ఉన్నవాళ్లం చాలామందిమి సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో చదివి బయటికొచ్చిన దళిత ఆడపిల్లలం. ఇప్పుడు ఒకరు నర్సింగ్ చేస్తున్నారు, ఒకరు బట్టల షాపులో రోజంతా నిలబడి పనిచేస్తున్నారు, కొందరు పీజీలో ఉన్నారు, ఇద్దరు ముగ్గురు పెళ్లయి ఊళ్లో కూలికి పోతున్నారు. చెప్పుకునేవి మామూలు సంగతులే. హాల్ టికెట్ రాలేదు, ఓనరు అద్దె పెంచాడు, కూర మాడింది. వాటి మధ్యలోనే ఇవీ వస్తాయి: “అక్కా, రెండు మెట్లెక్కితే ఆయాసమొస్తంది.” “ఈ నెల పది రోజులైనా ఆగలే.” “తల తిరుగుతుంది, ఎండకేమో.”

వీటిని కాలక్షేపం కబుర్లంటే మేం ఒప్పుకోం. డాక్టరు ముందు నోరు పెగలని మాటలివి. చెయ్యి పట్టి చూడకుండానే చీటీ రాసే చోట, “ఏ వాడ మీది?” అని అడిగాక గొంతు మారే చోట, నెలసరి గురించి ఏ పిల్ల చెప్తుంది? ఆస్పత్రిలో చేర్చుకోకపోవడమే కాదు, చేర్చుకున్నాక అంటరానితనం పేరుతో వివక్ష చూపడం కూడా 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరమే. అయితే చెయ్యి పట్టకపోవడాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో ఈ పేజీ చదివేవాళ్లకు తెలుసు. దళిత మహిళ అగ్రకుల మహిళ కంటే సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో రాసింది. అన్నేళ్లు ఒక్క రోజులో పోవు. నీరసం అని రాసి, టీ తాగి పడుకున్న రాత్రుల్లో కొన్ని కొన్నిగా పోతాయి.

నీరసం సంగతే చూద్దాం. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత, 8 కంటే తక్కువైతే తీవ్రం. హాస్టల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర దీనికోసమే. దాన్ని కిటికీలోంచి పారేసినవాళ్లు మా గ్రూపులో చాలామందే ఉన్నారు. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని భయం. నల్లగా అవడం మామూలేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిమ్మరసంతో ఇనుము బాగా ఒంటపడుతుంది, టీతో పడదు. మాంసంలోని, కార్జంలోని ఇనుము ఆకుకూరల్లోని దానికంటే సులువుగా ఒంటికి పడుతుంది. మన వాడల్లో తిన్న తిండిని ఎగతాళి చేసిన నోళ్లే మనకు రక్తం తక్కువని చెప్తుంటాయి, అది వేరే కథ.

అయితే మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే, రక్తం ఎక్కడికి పోతోందని అడగాలి. నులిపురుగులు కావచ్చు, సికిల్ సెల్ లాంటి జబ్బు కావచ్చు. చాలాసార్లు జవాబు నెలసరిలోనే ఉంటుంది. వారం దాటి రక్తస్రావమైతే, గంట రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తే, గడ్డలు పడితే అది ‘ఒంటి తీరు’ కాదు, వైద్యం చేయాల్సిన సమస్య.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఇంకా ముప్పై నిండని మా స్నేహితురాలికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఒక్క స్కానింగ్ చూసి, “పిల్లలున్నారుగా, గర్భసంచి తీసేద్దాం, లేకుంటే క్యాన్సరవుద్ది” అన్నారు. ఆమె రాత్రి గ్రూపులో రాసిన మాట: “తీయించుకుంటే ఈ బాధ పోతుందంట, అప్పు ఎవరిస్తారు?” మా నర్సింగ్ చెల్లి అడిగిన మొదటి ప్రశ్న: “థైరాయిడ్ చూశారా? మాత్రలు ఏమైనా ఇచ్చారా?” ఏదీ లేదు.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సగటున నూటికి ముగ్గురైతే, తెలుగు రాష్ట్రాలు ఈ లెక్కలో దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద, దళిత, ఆదివాసీ స్త్రీలకు అవసరం లేకుండా ఈ ఆపరేషన్లు చేశారని డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వీటిని అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

అధిక రక్తస్రావానికి రక్తం ఆపే మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది, గడ్డలుంటే చాలాసార్లు గడ్డలు మాత్రమే తీయొచ్చు. క్యాన్సర్ అనుమానముంటే ముందు పరీక్ష చేసి తేల్చుకోవచ్చు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన స్థితి వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. కూలి పనికి పోయే ఒంటికి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మా స్నేహితురాలికి మేం వైద్యం చెప్పలేదు. ఇద్దరం తోడుగా వెళ్లి పెద్దాస్పత్రిలో ఇంకో డాక్టరుకు చూపించాం. మాత్రలతో మొదలుపెట్టారు.

గ్రూపు డాక్టరు కాదన్నది మాకు మేం పెట్టుకున్న హద్దు. కూర్చున్నా ఆయాసమొస్తున్నా, ప్యాడ్ గంట కూడా ఆగకపోయినా, గర్భిణికి రక్తం కనబడినా చర్చ లేదు, 108కి ఫోన్ చేయడమే. బతకాలని లేదని ఎవరైనా రాస్తే ఒకరు వెంటనే ఫోన్‌లో మాట్లాడతారు, ఇంకొకరు టెలీ మానస్ నంబరు 14416 కలిపిస్తారు. అది ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పేరు, ఆధార్ నంబరు కనపడకుండా కత్తిరించాలి. స్క్రీన్‌షాట్ బయటికి పోకూడదు. పెళ్లిచూపుల దాకా వెళ్లిన స్క్రీన్‌షాట్ ఒకటి మాకు తెలుసు.

హాస్టళ్లలో ఉన్న చెల్లెళ్లు ఈ నెలలోనే ఒక పని చేయొచ్చు. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, జవాబుకు గడువు 30 రోజులు. మా హాస్టల్లో హిమోగ్లోబిన్ పరీక్ష చివరిసారి ఏ తేదీన చేశారు, ఎంతమందికి 12 కంటే తక్కువ వచ్చింది, వాళ్లలో ఎంతమందిని ఆస్పత్రికి తీసుకెళ్లారు, నీలం మాత్రలు ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచారు అని అడగండి. పేర్లు అడగొద్దు, లెక్కలు చాలు.