హాలోవీన్ గుమ్మడి దీపం వెనుక పెద్దల పేర్లు

అక్టోబరు వచ్చిందంటే ఆక్లాండ్ సూపర్ మార్కెట్లలో ఒక వరస అంతా నలుపు, నారింజ రంగుల్లోకి మారిపోతుంది. ప్లాస్టిక్ పుర్రెలు, సాలీళ్లు, మంత్రగత్తె టోపీలు, సంచుల కొద్దీ చాక్లెట్లు. మేముండే మౌంట్ రాస్కిల్‌కు దగ్గర్లోని శాండ్రింగ్‌హామ్ భారతీయ దుకాణాల్లో అదే సమయంలో ప్రమిదలు, ముగ్గు రంగులు, మిఠాయి పెట్టెలు కనిపిస్తాయి. తెలుగు ఇళ్లలో ఏటా ఒకటే చర్చ. పిల్లల్ని హాలోవీన్‌కి పంపాలా, వద్దా? ‘దయ్యాల పండగ మనకెందుకురా’ అంటారు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు. ‘మా క్లాసులో అందరూ వెళ్తున్నారు’ అంటారు పిల్లలు. మధ్యలో నలిగేది మనం.

ఈ పండగ ఎక్కడ పుట్టిందో, ఎలా మారుతూ వచ్చిందో చదివాక నాకు ఆ చర్చే వేరుగా కనిపించింది. పుర్రెలూ సాలీళ్లూ పక్కకు తీస్తే దీని లోపల ఉన్నది మనకు బాగా తెలిసిన విషయమే. పోయిన పెద్దల్ని ఏడాదికోసారి తలుచుకోవడం.

చలికాలం గుమ్మంలో

ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల పాతకాలపు జనం ఏడాదిని రెండు భాగాలుగా చూసేవారు. మే 1న వేసవి మొదలు, నవంబరు 1న చలికాలం మొదలు. ఆ రెండోదాని పేరు ‘సావిన్’. కొందరు రాసినట్టు అది మృత్యుదేవత పేరు కాదు, వేసవి ముగిసిందని చెప్పే పండగ పేరు. కోతలు అయిపోయేవి. కొండల మీద మేపిన పశువుల్ని ఇళ్లకు తోలుకొచ్చేవారు. నెగళ్లు వేసేవారు. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మేవారు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైతే, వాళ్లకు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. అందుకే పండగ అక్టోబరు 31 సాయంత్రానికే వచ్చేస్తుంది. ఈ సంగతులు మనకు చేరింది చాలావరకు తర్వాతి కాలంలో ఐరిష్ క్రైస్తవ సన్యాసులు రాసిపెట్టిన కథల ద్వారానే.

క్రైస్తవంలో పునీతులందరినీ ఒకే రోజున స్మరించే ఆచారం వేరుగా పెరిగింది. రోమ్‌లోని పాంథియన్‌ను 609 మే 13న పోప్ నాలుగో బోనిఫేస్ చర్చిగా ప్రతిష్ఠించారు. ఎనిమిదో శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ నవంబరు 1న పునీతులందరి పేరిట ఒక ప్రార్థనా మందిరాన్ని అంకితం చేశారు. తొమ్మిదో శతాబ్దంలో పోప్ నాలుగో గ్రెగరీ కాలానికి ఆ తేదీ మరింత విస్తరించింది. సుమారు వెయ్యేళ్ల కిందట ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఓడిలో చొరవతో నవంబరు 2 పోయినవాళ్లందరి ఆత్మల కోసం ప్రార్థించే రోజుగా స్థిరపడింది. ‘హాలో’ అంటే పాత ఇంగ్లిష్‌లో పునీతుడు. పునీతుల పండగకు ముందు సాయంత్రం ‘హాలోస్ ఈవ్’. వాడుకలో అదే హాలోవీన్ అయింది.

ఇంటింటికీ తిరిగే పిల్లలు

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఈ రోజుల్లో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్లేవారు. ఇంటివాళ్లు ‘సోల్ కేక్’ అనే చిన్న రొట్టె చేతిలో పెట్టేవారు. తీసుకున్నవాళ్లు ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థించేవారు. అంటే ఆ రొట్టె ఊరికే ఇచ్చిన తీపి కాదు. పెద్దల పేరు మీద ఇచ్చిన దానం. స్కాట్లండ్, ఐర్లండ్‌లలో పిల్లలు వేషాలు కట్టి, ఇంటి ముందు పాటో పద్యమో వినిపించి పండ్లు, గింజలు తీసుకునేవారు. స్కాటిష్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ పండగ పేరుతోనే ఒక పెద్ద కవిత రాశారు.

ఇది చదువుతుంటే నాకు మధిరలో మా పెద్దవాళ్లు చెప్పిన దసరా గుర్తొచ్చింది. బడి పంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పెట్టి ఇంటింటికీ తిప్పేవారట. పిల్లలు పద్యాలు పాడేవారు. పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. ఇక పగటివేషాలవాళ్లు, పులివేషాలు, సంక్రాంతికి హరిదాసులు, గంగిరెద్దులు సరేసరి. తెలంగాణలో కాముని పున్నమికి కోలలు పట్టుకుని ఇళ్ల ముందు ఆడి చిల్లర పోగుచేసుకున్న పిల్లలు ఇప్పుడు నాలాంటి నలభై దాటినవాళ్లే. వేషం కట్టి పొరుగింటి తలుపు తట్టడం మనకు పరాయి సంగతి కాదు.

టర్నిప్ నుంచి గుమ్మడికి

గుమ్మడి దీపం కథ ఐర్లండ్‌ది. జాక్ అనే పిసినారి సైతానునే మోసం చేశాడట. చనిపోయాక స్వర్గంలోకి రానివ్వలేదు, నరకంలోకీ రానివ్వలేదు. సైతాను విసిరిన ఒక నిప్పు కణికను దుంపలో పెట్టుకుని చీకట్లో తిరుగుతూనే ఉన్నాడట. ఆ దుంప గుమ్మడి కాదు, టర్నిప్. ఐర్లండ్‌లో దాన్నే తొలిచి భయంకరమైన ముఖం చెక్కి దీపం పెట్టేవారు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువుకు అక్కడ సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో జనం దేశం వదిలారు. అమెరికా చేరినవాళ్లకు టర్నిప్ కంటే పెద్దగా, తేలిగ్గా తొలిచే గుమ్మడికాయ దొరికింది. దీపం అందులోకి మారింది.

గుమ్మంలో గుమ్మడికాయ మనకూ కొత్త కాదు. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కట్టడం, దాని మీద కళ్లూ మీసాలూ గీయడం, దిష్టి తీసి పగలగొట్టడం అందరికీ తెలిసినవే. చెడును గడప బయటే ఆపడానికి కాయకు ముఖం పెట్టాలన్న ఆలోచన రెండు చోట్లా పుట్టింది.

‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనే మాట మాత్రం వయసులో చిన్నది. గత శతాబ్దం మొదటి సగంలో కెనడా, అమెరికా పత్రికల్లో కనిపించడం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర రేషన్ వల్ల కాస్త తగ్గి, 1947లో అమెరికాలో రేషన్ ఎత్తేశాక ఊరూరా పాకింది. 1950లో ఫిలడెల్ఫియా పిల్లలు మిఠాయితో పాటు యూనిసెఫ్ కోసం చిల్లర కూడా పోగుచేయడం మొదలుపెట్టారు.

వసంతంలో వచ్చే చలి పండగ

న్యూజిలాండ్‌కు స్కాటిష్, ఐరిష్ వలసదారులు చాలామందే వచ్చారు. 1848లో డునెడిన్ స్థావరాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన థామస్ బర్న్స్, కవి రాబర్ట్ బర్న్స్‌కు అన్నదమ్ముల పిల్లవాడే. అయినా ఇక్కడ బలపడింది నవంబరు 5 నాటి గై ఫాక్స్ మంటలు, బాణసంచా. ఇప్పుడు మనం చూస్తున్న హాలోవీన్ ఎక్కువగా అమెరికా టీవీ, సినిమా, దుకాణాల చలవే. పాత తరం కివీల్లో కొందరు ఇప్పటికీ ‘అది మన పండగ కాదు’ అంటారు. అచ్చం మా అమ్మలాగే.

పైగా కాలం తలకిందులు. చీకటి ముదిరే రోజుల పండగ ఇక్కడ వసంతంలో వస్తుంది. సెప్టెంబరు చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతాం కనుక అక్టోబరు 31న దాదాపు ఎనిమిది దాకా వెలుతురు ఉంటుంది. దయ్యం వేషాలన్నీ ఎండలోనే తిరుగుతాయి. గుమ్మడి కాయలు ఈ దేశంలో కోతకొచ్చేది మార్చి, ఏప్రిల్ రోజుల్లో. బాణసంచా దుకాణాల్లో అమ్మేది నవంబరు 2 నుంచి 5 వరకే. అందుకే చాలా తెలుగు ఇళ్లలో దీపావళికి కాల్చేది పోయిన ఏడాది కొని దాచిన మతాబులు, చిచ్చుబుడ్లు.

మరి ఈ నేల మీద పోయినవాళ్లను తలుచుకునే రోజు లేదా? ఉంది. మా పేట కొండకు మావోరీ పేర్లలో ఒకటి పుకెటాపాపా. ఆ మావోరీల కొత్త సంవత్సరం మతారికి. మనం కృత్తిక అని పిలిచే నక్షత్రాల గుంపు చలికాలం నడిమధ్యలో తెల్లవారుజామున మళ్లీ కనబడినప్పుడు జరుపుతారు. 2022 నుంచి జాతీయ సెలవు కూడా. అందులో పోహుతుకావా అనే నక్షత్రం ఆ ఏడాది పోయినవాళ్లది. దాన్ని చూస్తూ వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి పిలుస్తారు.

మా గుమ్మంలో ఆ సాయంత్రం

2024లో అక్టోబరు 31 మాకు రెండు పండగల మధ్య పడింది. మధిరలో ఆ రోజే దీపావళి. ఆక్లాండ్ కాలమానంలో అమావాస్య అర్ధరాత్రికి కాస్త ముందు మొదలవడంతో మాకు దీపావళి నవంబరు 1న. 31 సాయంత్రం ఇంకా చతుర్దశే. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. గుమ్మంలో రెండు దీపాలు పెట్టింది. హాల్లో నాన్న ఫొటో ముందు మరొకటి.

నాన్న 2021లో పోయారు. 2020 మార్చిలో న్యూజిలాండ్ సరిహద్దులు మూసేశారు. 2022లో గానీ పూర్తిగా తెరవలేదు. ఇక్కడున్న ఎందరో తెలుగువాళ్లలాగే నేనూ అంత్యక్రియలు ఫోన్‌లోనే చూశాను. అప్పటికి మా చిన్నమ్మాయికి అయిదేళ్లు. ఆమెకు తాతయ్య అంటే తెరమీద నవ్వే ముఖం.

ఏడు గంటలకు వీధి పిల్లలు వరసకట్టారు. పక్కింటి టోంగా పిల్లవాడు అస్థిపంజరం వేషంలో వచ్చి, చాక్లెట్ తీసుకుని, లోపలి ఫొటోకేసి చూపిస్తూ అది ఎవరని అడిగాడు. మా తాతయ్య, చనిపోయారు అంది మా అమ్మాయి. పేరేంటి అన్నాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది. ‘నానమ్మా, తాతయ్య పేరేంటి?’

భర్త పేరు నోటితో పలకని తరం మా అమ్మది. రేషన్ కార్డు దగ్గరా, బ్యాంకులోనూ పక్కనున్న మాచేతే చెప్పించేది. నేను నోరు తెరిచేలోపు తనే చెప్పింది. ఇంటిపేరుతో సహా, మెల్లగా. పిల్ల దాన్ని తిరిగి చెప్పింది. అస్థిపంజరం వేషంలో ఉన్న పిల్లవాడు కూడా వచ్చీరాని ఉచ్చారణతో ఒకసారి అని, థాంక్యూ చెప్పి పక్కింటికి వెళ్లాడు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘వాళ్లమ్మ వాడికి మంచి మాటలు నేర్పింది’ అని మాత్రం అంది.

పేరు పిలవడమే అసలు సంగతి

సోల్ కేక్ తీసుకున్నవాళ్లు చేసినా, మతారికి రోజున నక్షత్రాన్ని చూస్తూ చేసినా, మన తర్పణంలో చేసినా జరిగేది ఒకటే. పోయినవాళ్లను తలుచుకోవడం. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలను గోత్రంతో, పేరుతో పిలుస్తారు. తెలంగాణలో పెత్రమాస అనే మహాలయ అమావాస్య నాడు పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. పెద్దల్ని తలుచుకోవడం, పూల పండగ మొదలుపెట్టడం ఒకే సాయంత్రం. దీపావళి నాడు కాగడాలు వెలిగించి చూపించడం పితృదేవతలకు దారి చూపడానికేనని శాస్త్రం. గోగుకట్టెలకు నూనె గుడ్డలు చుట్టి తిప్పిన చిన్నతనం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పెత్రమాస సాధారణంగా హాలోవీన్‌కు కొన్ని వారాల ముందే వస్తుంది. విదేశాల్లో అది పనిరోజున వచ్చి, పిల్లలు బడిలో ఉండగానే ముగిసిపోతుంది. హాలోవీన్ మాత్రం తలుపు తట్టి మరీ వస్తుంది. ఈ రెంటినీ పోటీ పెట్టనక్కర్లేదు. మెక్సికో వారి మృతుల పండగ మీద 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా మన పిల్లలు చాలామంది చూసే ఉంటారు. బతికున్నవాళ్లు మరిచిపోతే పోయినవాళ్లు రెండోసారి పోతారన్నది అందులోని కథ. పిల్లలకు ఈ విషయం అర్థం చేసుకునే శక్తి ఉంది.

కాబట్టి పంపాలా వద్దా అని అడిగేవారికి నేను చెప్పేది ఇది. ఇష్టమైతే పంపండి. చిన్నపిల్లలతో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. అలంకరణ లేని ఇళ్ల తలుపులు తట్టవద్దు. ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. మీరు ఇచ్చేవి ప్యాకెట్లో ఉన్నవైతే మేలు. ఇంట్లో చేసిన సున్నుండలు ఎంత బాగున్నా, గింజల అలర్జీ భయంతో తల్లిదండ్రులు తినిపించరు. శాకాహారులైతే తెచ్చిన సంచిలో మార్ష్‌మాలోలు, జెల్లీల మీద జెలటిన్ ఉందేమో చూడండి. మా పేటలో ముస్లిం కుటుంబాలూ ఆ లేబుల్ చూస్తాయి.

పిల్లలు తిరిగొచ్చి చాక్లెట్లు నేల మీద పోసి పంచుకునే ఆ పావుగంటలో ఇంకో పని కూడా చేయండి. ఒక కాగితం ఇచ్చి తాత, ముత్తాత, నానమ్మ, అమ్మమ్మ, వాళ్ల అమ్మల పేర్లు తెలుగులో రాయమనండి. పక్కనే వాళ్ల ఊరు, చేసిన పని. తెలియని చోట ఖాళీ వదిలి, మర్నాడు ఊరికి ఫోన్ చేసి పిల్లలచేతే అడిగించండి. న్యూజిలాండ్‌లో సాయంత్రమయ్యేసరికి మన ఊళ్లలో మధ్యాహ్నం. అవతల ఫోన్ ఎత్తే పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఆ ఖాళీలు నింపుకోగలం.